ఎద్దుకున్న విరామం మన పిల్లలకు లేదా?

పొద్దున్నే నాగలికి కట్టిన ఎద్దును పొద్దు నడినెత్తికి రాకముందే విప్పుతారు. నీళ్లు చూపిస్తారు, చెట్టు కింద కట్టేసి నాలుగు పరకలు వేస్తారు. ఎద్దు మీద ప్రేమ ఉండి కాదు. పడిపోతే రేపు దున్నేదెవరు అని ఆసామి లెక్క. ఆ లెక్క అన్నా మన పిల్లల చదువు దగ్గర ఎవరికైనా ఉందా? తెల్లవారుజామున నాలుగింటికి గంట కొట్టి లేపుతారు. రాత్రి పదకొండింటి దాకా పుస్తకం ముందు కూర్చోబెడతారు. మధ్యలో కునుకు పట్టిన పిల్లగాడి వీపు మీద బెత్తం పడుతుంది. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. మేము హాస్టళ్లలో పెరిగినోళ్లం. ఆ గంట మాకు తెలుసు, ఆ బెత్తమూ తెలుసు.

పరీక్షల కాలం వస్తే మన హాస్టళ్లలో ఒకటే మాట - 'చదవండి, చదవండి, ఇంకా చదవండి.' ఎట్లా చదవాలో చెప్పేవాళ్లు లేరు. ఎప్పుడు ఆపాలో చెప్పేవాళ్లు అసలే లేరు. దాడులు జరుగుతుంటే, భూములు పోతుంటే, చదువు మధ్యలో పది నిమిషాల బ్రేక్ గురించి రాయడమేంటని కొందరు మిత్రులు అడగొచ్చు. అడగాల్సిందే. మా జవాబు ఇది: ఎవరు పని చేయాలి, ఎవరు కాళ్లు చాపుకోవాలి అని పంచిపెట్టిందే కులం. వేల ఏళ్లుగా మన వీపుకు విశ్రాంతి లేకుండా చేసిన వ్యవస్థ ఇప్పుడు మన పిల్లల మెదడుకు కూడా విశ్రాంతి లేకుండా చేస్తోంది. కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

సోమరి అనే తిట్టు ఎవరి కోసం పుట్టింది?

ఆసామి కొడుకు మధ్యాహ్నం మంచం మీద వాలితే 'అబ్బాయి చదివి చదివి అలిసిపోయాడు' అంటారు. మాలపల్లె పిల్లవాడో మాదిగగూడెం పిల్లవాడో అరుగు మీద వాలితే 'వీళ్లకి చదువెక్కడ అబ్బుద్దిరా, తిని పడుకోవడమే' అంటారు. నిద్ర ఒకటే, పేర్లు రెండు. వాళ్లది విశ్రాంతి, మనది సోమరితనం. 1990లో మండల్ గొడవలప్పుడు 'ప్రతిభ, ప్రతిభ' అని రోడ్ల మీద బూట్లు పాలిష్ చేసి నాటకమాడినోళ్లు చెప్పిందీ ఇదే. మనం కష్టపడం, అప్పనంగా సీట్లు తీసుకుంటాం అని. ఆ తిట్టు మన పిల్లల చెవుల్లోంచి ఇంకా పోలేదు. అందుకే పుస్తకం మూస్తే వాళ్లకి తప్పు చేసినట్టు ఉంటుంది. క్లాసులో పక్కన కూర్చున్నోడు 'మీకేంట్రా, రిజర్వేషన్ ఉంది, చదవకపోయినా వస్తది' అంటాడు. ఆ మాటను అబద్ధం చేయడానికి మన పిల్లవాడు నిద్ర మానుకుంటాడు. తిట్టింది వాడు, శిక్ష అనుభవించేది వీడు.

ఇంకో బరువు కూడా ఉంది. దాన్ని మన ఇళ్లలో ఎవరూ పైకి అనరు. పరీక్షలు వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే గుంటూరు, ఖమ్మం వైపు మిరప కోతలు. అమ్మ పొద్దు పొడవకముందే సద్ది కట్టుకుని కూలికి పోతుంది. సాయంత్రానికి చేతులు మంట, కళ్లు మంట. ఆ చేతుల్ని చూసిన కొడుకు, ఆ కళ్లు చూసిన కూతురు 'నేను పది నిమిషాలు ఊరికే కూర్చుంటే అమ్మకు ద్రోహం చేసినట్టే' అనుకుంటారు. ఇంట్లో మొట్టమొదటగా కాలేజీ మెట్లెక్కిన ప్రతి పిల్లకూ ఈ బాధ తెలుసు. మాకూ తెలుసు. కానీ ఒక్క మాట ఆలోచించండి. మిరప చేలో అమ్మ కూడా గట్టు మీద కూర్చుని సద్ది తింటుంది. నీళ్లు తాగుతుంది, నడుం వాలుస్తుంది, ఆకు వక్క వేసుకుంటుంది. అప్పుడే మళ్లీ సాలులోకి దిగుతుంది. అట్లా కూర్చోకపోతే సాయంత్రం దాకా నిలబడలేనని ఆమెకు తెలుసు. అమ్మ గట్టు మీద కూర్చున్నప్పుడు మనం ఆమెను సోమరి అనం గదా. మనల్ని మనం ఎందుకు అనుకోవాలి?

మన ఇంట్లో బ్రేక్ అంటే పని మారడమే

పట్నంలో ఉన్నోళ్ల పిల్లలకి బ్రేక్ అంటే గ్లాసు పాలు, కాసేపు షటిల్, అమ్మ వచ్చి తల నిమరడం. మన పిల్లలకి ఇంటి దగ్గర బ్రేక్ అంటే ఏంటి? బోరింగు దగ్గర బిందెల వరస. గేదెకు గడ్డి. చిన్నోళ్లకి అన్నం. ఆడపిల్లయితే చెప్పనక్కర్లేదు. అన్న పుస్తకం పక్కన పెడితే క్రికెట్‌కి పోతాడు, చెల్లి పుస్తకం పక్కన పెడితే చీపురు చేతికొస్తుంది. ఇద్దరూ పదో తరగతే, ఇద్దరికీ అదే పరీక్ష. మనువాదం మీద ఉపన్యాసాలు ఇచ్చే మన ఇళ్లలోనే ఈ మనువు కూర్చుని ఉన్నాడు. ముందు అతన్ని బయటికి తోలాలి. పరీక్షల నెల రోజులన్నా అన్న చేతికి బిందె, చెల్లి చేతికి విరామం ఇచ్చి చూడండి. మార్కులు ఎవరికి ఎట్లా వస్తాయో అప్పుడు మాట్లాడుకుందాం.

ఆదివారం సెలవు దేవుడిచ్చింది కాదు

విరామం అనేది దొరలిచ్చిన దానం అని మనోళ్లు చాలామంది అనుకుంటారు. కాదు. అది కొట్లాడి తెచ్చుకున్నది. కొట్లాడినోళ్లు మనోళ్లే. 1884లో బొంబాయి బట్టల మిల్లుల కార్మికుల్ని కూడగట్టినాయన నారాయణ్ మేఘాజీ లోఖండే. ఈయన జ్యోతిరావు ఫూలే సత్యశోధక సమాజంలో మనిషి, 'దీనబంధు' పత్రిక నడిపినాయన. ఆ ఏడు 5,500 మంది కార్మికులు సంతకాలు చేసిన అర్జీలో ఏం అడిగారు? వారానికి ఒకరోజు, ఆదివారం సెలవు. మధ్యాహ్నం అరగంట విరామం. పొద్దున ఆరున్నర నుంచి సూర్యాస్తమయం దాకానే పని. ఆరేళ్లు అడిగారు. 1890లో పది వేల మంది సభ పెట్టారు. ఆ ఏడు జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు.

శూద్రులు, అతిశూద్రులు సాధించిన ఆదివారం అది. ఈరోజు రెసిడెన్షియల్ కాలేజీలు ఏం చేస్తున్నాయి? అదే ఆదివారం వీకెండ్ టెస్టు పెడుతున్నాయి. లోఖండే మిల్లు యజమానుల దగ్గర్నుంచి లాక్కొచ్చిన రోజును కాలేజీ యజమానులు మళ్లీ లాక్కుపోయారు. మనం చూస్తూ ఊరుకున్నాం. పైగా 'ఆదివారం కూడా చదివిస్తారంట' అని ఆ కాలేజీకే అప్పు చేసి ఫీజు కడుతున్నాం.

బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. 1946లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ జరిగి, ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలున్న పని 48 గంటలకు దిగింది. ఆ తర్వాత వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టం ఇంకో మాట రాసింది. ఏ కార్మికుడి చేతా వరసగా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విరామం ఉండాలి అని. ఇనుముతో పనిచేసే పెద్ద మనిషికి ఐదు గంటలకొకసారి విరామం కావాలని చట్టం ఒప్పుకుంది. పదహారేళ్ల పిల్లవాడి మెదడుకు అక్కర్లేదా? పాలకులకు ఇప్పుడు ఆ అరగంట మీద కూడా కన్ను పడింది. రోజుకు పది గంటల దాకా పని చేయించుకునేందుకు, విరామం లేకుండా చేయించే గంటల్ని ఐదు నుంచి ఆరుకు పెంచేందుకు 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఒప్పుకుంది. ఫ్యాక్టరీలో తండ్రికి, కాలేజీలో కొడుక్కి ఒకేసారి విరామం తగ్గించే కాలం ఇది.

పద్దెనిమిది గంటల మాట

మనలో మనం మాట్లాడుకోవాల్సిన విషయం ఒకటి ఉంది. కొందరికి కోపం రావచ్చు. 'అంబేద్కర్ రోజుకి 18 గంటలు చదివాడు' అని మన ప్రతి మీటింగులో చెబుతాం. జయంతికి 18 గంటలు కదలకుండా చదివే కార్యక్రమాలు పెడుతున్నాం. ఏడాదికొకరోజు గౌరవంగా కూర్చుని చదవడం మంచిదే. దాన్ని మేము తప్పుపట్టం. కానీ ఆ 18ని రోజూ పిల్లల మీద కొరడాలాగా ఝళిపిస్తే మాత్రం ఒప్పుకోం.

బాబాసాహెబ్ అన్ని గంటలు ఎందుకు చదివాడు? ఆయనకు టైము లేదు. 1913లో బరోడా స్కాలర్‌షిప్ మీద అమెరికా పోయాడు. అక్కడినుంచి లండన్ పోతే స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో చదువు మధ్యలో వదిలి రావాల్సొచ్చింది. బరోడాలో కొలువుకు పోతే ఉండటానికి ఇల్లు దొరకనివ్వలేదు. మళ్లీ డబ్బు కూడబెట్టుకుని 1920లో లండన్ పోయాడు. 1923లో డీఎస్సీ తీసుకున్నాడు. పుస్తకం దొరికే రోజులు లెక్కబెట్టి ఇచ్చారు కాబట్టి ఆయన నిద్ర తగ్గించుకున్నాడు. అది ఆయన గొప్పతనమే. కానీ ఆయన మీద అంత బరువు పెట్టింది కులం. ఆ బరువు మన పిల్లల మీద లేకుండా చేయడానికే గదా ఆయన బతుకంతా కొట్లాడింది? ఆయన మోసిన బరువునే ఆదర్శం అని పిల్లల నెత్తిన పెడితే ఆయన కొట్లాట ఎటు పోయింది? చివరి ఏళ్లలో చక్కెర వ్యాధితో, కాళ్ల నొప్పులతో ఆయన ఎంత బాధపడ్డాడో మనకు తెలియనిదా?

ఆయన చిన్నప్పటి సంగతి ఒకటి మన మీటింగుల్లో చెప్పరు. బొంబాయి పరేల్‌లో కార్మికులుండే చాల్‌లో ఒక్క గది. అందులోనే వంట, అందులోనే కట్టెలు, అందులోనే సంసారం. కాళ్లు చాపడానికి చోటు లేదు. తండ్రి రామ్‌జీ ఏం చేశాడంటే, కొడుకుని పొద్దుపోగానే పడుకోబెట్టేవాడు. తను రాత్రి రెండింటి దాకా మేలుకుని ఉండి, అప్పుడు కొడుకుని లేపి, ఆ చోట్లోనే తను పడుకునేవాడు. పిల్లవాడు కిరోసిన్ దీపం ముందు తెల్లారేదాకా చదువుకునేవాడు. ఈ కథలో మనం దీపాన్నే చూస్తాం. రామ్‌జీని చూడం. ముందు కొడుకు నిద్రపోవాలని, తను మేలుకుని కూర్చున్న తండ్రి ఆయన. పేద సుబేదారు కూడా ముందు నిద్ర, తర్వాత చదువు అని అమర్చాడు. మన వార్డెన్లకు, మన కాలేజీలకు ఆ బుద్ధి ఎందుకు లేదు?

పిల్లవాడు భీమ్‌రావు బడి అయ్యాక చర్నీరోడ్ తోటలో కూర్చుని చదువుకునేవాడు. అక్కడే కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ మాస్టారు ఆయన్ని చూశాడు. మెట్రిక్ పాసైనప్పుడు తను రాసిన బుద్ధుడి చరిత్ర కానుకగా ఇచ్చాడు. ఆ బుద్ధుడి కథల్లో సోణుడనే భిక్షువు ఉంటాడు. కాళ్లు నెత్తురు కారేదాకా నడుస్తూ సాధన చేసి, ఏమీ దక్కక వదిలేద్దామనుకుంటాడు. బుద్ధుడు వచ్చి, వీణ తీగ మరీ బిగిస్తే పలుకుద్దా, మరీ వదులు చేస్తే పలుకుద్దా అని అడుగుతాడు. పరీక్షలకు కూర్చునే ప్రతి పిల్లకూ ఈ కథ చెప్పాలి. మరీ వదులు చేయమని మేము చెప్పట్లేదు. బిగించి బిగించి తీగ తెంపొద్దంటున్నాం. పెద్దయ్యాక బాబాసాహెబ్ వయొలిన్ నేర్చుకున్నాడు, కుక్కల్ని పెంచాడు. రాజ్యాంగం రాసిన చేతులకే వయొలిన్ పట్టుకునే తీరిక కావాల్సొచ్చింది.

మెదడు ఎట్లా పట్టుకుంటుంది?

ఇదంతా సెంటిమెంటు అనేవాళ్ల కోసం సైన్సు కూడా చెబుదాం. 1885లో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మనీ ఆయన అర్థం లేని అక్షరాల వరసల్ని తన మీద తనే బట్టీ పట్టి పరీక్షించుకున్నాడు. ఒకే బిగిన కూర్చుని 68 సార్లు చదివితే వచ్చిన ఫలితం, మూడు రోజులకు పంచుకుని 38 సార్లు చదివితేనే వచ్చింది. అంటే మధ్యలో ఆపినందుకు పోయిందేమీ లేదు. 30 సార్ల చాకిరీ మిగిలింది.

1924లో అమెరికాలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు ఇంకో పరీక్ష చేశారు. ఇద్దరు విద్యార్థులకు అట్లాంటి వరసలే ఇచ్చారు. నేర్చుకున్న వెంటనే పడుకున్నప్పుడు వాళ్లకు ఎక్కువ గుర్తున్నాయి. మేలుకుని తిరిగినప్పుడు చాలా మర్చిపోయారు. ఆ తర్వాత వందేళ్లలో ఎందరో ఇదే వైపు చూపించారు. నిద్రలో మెదడు ఊరికే ఉండదు. పగలు చదివింది సర్ది పెడుతుంది. నైటవుట్ కొట్టి పొద్దున్నే పరీక్షకు పోయే పిల్లవాడు గింజ చల్లి మట్టి కప్పకుండా వచ్చినట్టే. పక్షులు తినిపోతాయి.

పది నిమిషాల విరామం మాటేంటి? 2012లో స్కాట్లాండ్ పరిశోధకులు కొందరు పెద్ద వయసు వాళ్లకు రెండు చిన్న కథలు వినిపించారు. ఒక కథ తర్వాత చీకటి గదిలో పది నిమిషాలు ఊరికే కూర్చోమన్నారు. రెండో కథ తర్వాత కంప్యూటర్ మీద బొమ్మల్లో తేడాలు కనిపెట్టే ఆట ఇచ్చారు. ఏడు రోజుల తర్వాత అడిగితే, ఊరికే కూర్చున్న కథే బాగా గుర్తుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. విరామం అంటే ఫోన్ కాదు. పుస్తకం మూసి ఫోన్ తెరిస్తే అది మెదడుకు ఇంకో కూలి పని. ఒక చేలోంచి ఇంకో చేలోకి దిగినట్టు. పది నిమిషాలనుకున్న రీళ్లు గంటన్నర మింగేస్తాయి, ఆపైన 'నేనెందుకూ పనికిరాను' అని ఏడుపు. పనికిరానిది నువ్వు కాదు. నీ టైము అమ్ముకుని బతికే కంపెనీల వ్యాపారం అట్లా ఉంది.

మాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాం. నలభై, యాభై నిమిషాలు చదువు. పది నిమిషాలు లే. మొహం కడుక్కో. నీళ్లు తాగు. వరండాలో నడువు. కళ్లు మూసుకుని కూర్చో. తిరిగొచ్చి పుస్తకం తెరవకముందే, చదివింది పక్కవాడికి సొంత మాటల్లో చెప్పు. చెప్పలేకపోయిన చోటే మళ్లీ చదువు. రెండు మూడు గంటలకొకసారి అరగంట ఆపు. సాయంత్రం ఓ గంట ఆడు. రాత్రి ఏడు గంటలకు తగ్గకుండా పడుకో. పరీక్ష ముందు రోజు రాత్రి కొత్త పాఠం ముట్టుకోవద్దు. దీనికి డబ్బు అక్కర్లేదు, ట్యూషన్ అక్కర్లేదు. నలభై మందికి ఒక్క హాలు, రెండు లైట్లు ఉన్న హాస్టల్లో కూడా చేయొచ్చు.

విరామం ఇవ్వకపోతే ఏమైతది?

ఏమైతదో తెలుగు నేలకు చెప్పాలా? తెలంగాణలో 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల్లో తప్పులు దొర్లాయని తల్లిదండ్రులు రోడ్డెక్కారు. బొందల గడ్డ దగ్గర రీవాల్యుయేషన్ ఉండదు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులోనే 2025 జూలైలో సుప్రీంకోర్టు, మానసిక ఆరోగ్యం బతికే హక్కులో భాగమేనని చెప్పి, వందమందికి పైగా పిల్లలున్న చదువుల సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. అంతకుముందు 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్ల కోసం మార్గదర్శకాలు రాసింది. రోజుకు ఐదు గంటలకు మించి క్లాసులు వద్దు, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి, ఆ సెలవు మర్నాడే పరీక్ష పెట్టొద్దు అని. కాగితం మీద లోఖండే గెలిచాడు. కాలేజీ గేటు లోపల ఎవరు గెలుస్తున్నారో మీ పిల్లల్ని అడగండి.

పెద్ద పరీక్షల వాళ్ల గోస ఇంకో రకం. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే మన పిల్లలు ఐదు రూపాయల భోజనం తిని పన్నెండు గంటలు కుర్చీ వదలరు. కుర్చీ వదిలితే ఇంకొకడు కూర్చుంటాడని భయం. వాళ్లకు విరామం ఎవరిచ్చారు? ప్రభుత్వం ఇచ్చింది. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌లో పెట్టి, పేపర్ లీకై 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో నోటిఫికేషనే రద్దు. పిల్లవాడు పది నిమిషాలు ఆగితే నేరం, సర్కారు ఏళ్ల తరబడి ఆపితే అది పరిపాలన!

అసలు విషయం ఇక్కడుంది. మన వాడల్లో బ్రేక్ అంటే అందరికీ తెలిసిన అర్థం చదువు ఆగిపోవడం. ఫీజు కట్టలేక ఆగుతాడు. తండ్రికి జబ్బు చేసి ఆగుతాడు. ఒక సబ్జెక్టు తప్పి, సప్లిమెంటరీకి రాసే మనసు లేక పత్తి చేలోకో, సెంట్రింగు పనికో పోతాడు. ఆడపిల్లయితే పెళ్లి. ఆ పెద్ద బ్రేక్‌కు భయపడే మన తల్లిదండ్రులు చిన్న బ్రేక్ అంటే ఉలిక్కిపడతారు. ఆ భయం మాకు అర్థమవుతుంది. కానీ లెక్క తిరగేసి చూడండి. రోజూ పది నిమిషాలు ఆగనివ్వక, నిద్రపోనివ్వక, ఆడనివ్వక తోమితే పిల్లవాడికి చదువంటేనే అసహ్యం పుడుతుంది. ఒకరోజు పెట్టె సర్దుకుని గోడ దూకుతాడు. మళ్లీ రాడు. చిన్న విరామం కాజేసినోళ్లే పెద్ద విరామం తెచ్చి పెట్టారు. హాస్టల్ వదిలేసిన పిల్లల్ని 'బద్ధకం' అని రాసుకుని రిజిస్టర్ మూసే ముందు, ఆ హాస్టల్లో ఆఖరిసారి ఆటగంట ఎప్పుడు కొట్టారో చూడండి.

'వాళ్ల పిల్లలు పదహారు గంటలు చదువుతుంటే మనం విరామాలు తీసుకుంటే వెనకబడమా?' అని కొందరు అన్నలు అడుగుతారు. వాళ్లతో మన పోటీ గంటల్లో కాదు. వాళ్లకి మూడు తరాల చదువు ఇంట్లో ఉంది. మంచి తిండి ఉంది. తప్పితే కట్టడానికి మేనేజ్‌మెంట్ సీటు డబ్బుంది. మనకున్న మూలధనం ఆ పిల్లవాడి ఒళ్లు, మెదడు. అదే పాడైతే ఇంకేం మిగిలింది? ఒకే ఎద్దున్న రైతు దాన్ని ఎట్లా చూసుకుంటాడు? నాలుగు ట్రాక్టర్లున్నోడితో పందెం వేసి చంపుకుంటాడా?

మేము కోరేది ఇదీ. సంక్షేమ హాస్టళ్లు, గురుకులాల్లో రాత్రి పదింటికి లైట్లు ఆర్పాలి. ఏడు గంటల నిద్రకు ముందు ఎవర్నీ లేపకూడదు. స్టడీ అవర్‌లో గంటకు పది నిమిషాలు విరామం గంట కొట్టి ఇవ్వాలి. కునికినందుకు కొట్టే వార్డెన్ మీద చర్య ఉండాలి. పరీక్షల నెలలో కూడా సాయంత్రం ఆట ఆపకూడదు, ఆడపిల్లల హాస్టల్లో అసలే ఆపకూడదు. ఆదివారం టెస్టులు బంద్ కావాలి. మన పిల్లల ఫీజు ప్రభుత్వం కట్టే ప్రైవేటు కాలేజీల్లో ఈ నియమాలు తప్పితే ఆ డబ్బు ఆపాలి. సుప్రీంకోర్టు చెప్పిన కౌన్సెలర్ హాస్టల్ గడప దాకా రావాలి. వచ్చే మనిషి కులం పేరుతో పిల్లల్ని కించపరిచే రకం కాకూడదు. మన సంఘాలు కూడా ఒక పని చేయాలి. ఈసారి జయంతికి 18 గంటల చదువు పెట్టిన చోట, పొద్దున పిల్లలకు కార్మిక మంత్రి అంబేద్కర్ గురించి ఒక గంట చెప్పండి. మధ్యాహ్నం అరగంట విరామం ఇవ్వండి. ఆ అరగంట ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ పత్రిక మీ హాస్టల్ గదిలో చేతులు మారుతూ వస్తుందని మాకు తెలుసు. ఇది మీ చేతికొచ్చేసరికి రాత్రి పదకొండు దాటి ఉంటే, చదవడం ఆపండి. రేపు చదవొచ్చు. పుస్తకం మూసి, దీపం ఆర్పి పడుకోండి. ఎవరైనా సోమరి అంటే, ఒక చాల్ గదిలో కొడుకు నిద్ర కోసం మేలుకుని కూర్చున్న రామ్‌జీ సుబేదారు కథ చెప్పండి. పొద్దున్నే లేచి గట్టిగా చదవండి. పరీక్ష మనదే, ఒళ్లూ మనదే. రెండూ దక్కించుకోవాలి.

జై భీమ్!